వాన చప్పుడుకు అటకెక్కిన పుస్తకాలు

(విజయవాడలో పాఠశాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పాల్గొన్న ఒక సభలో, పదవీ విరమణ చేసిన మనోవిజ్ఞాన శాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం.)

సభకు నమస్కారం.

నేను గుంటూరు వాణ్ణి. బ్రాడీపేటలో కాపురం. బి.ఇడి. విద్యార్థులకు మనోవిజ్ఞాన శాస్త్రం చెప్పి, వాళ్ళ జవాబు పత్రాలు దిద్ది రిటైరైనవాణ్ణి. ఈ సభలో ఉపాధ్యాయులే ఎక్కువగా కనిపిస్తున్నారు కాబట్టి, రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ పేరు ఎత్తగానే మీలో చాలామందికి ఒక గంట వినబడి ఉంటుంది. టెట్టుకూ డీఎస్సీకీ చదివిన రోజులు గుర్తొచ్చి ఎవరికైనా కాస్త గుండె దడ కూడా పుట్టి ఉంటే, ఈ రోజు నేను చెప్పబోయే విషయానికి, అంటే భయాలనూ అలవాట్లనూ మనం ఎలా నేర్చుకుంటామన్నదానికి, మొదటి ఉదాహరణ వారే.

మన పాఠ్యపుస్తకాల్లో కుక్క, గంట, మాంసం, లాలాజలం అన్న నాలుగు మాటలతో పావ్‌లోవ్ కథ ముగిసిపోతుంది: గంట మోగించి మాంసం పెడుతూ పోతే, కొన్నాళ్ళకు వట్టి గంటకే కుక్క నోట లాలాజలం ఊరిందని. ఆ గంట మీద నాకు చాలాకాలంగా చిన్న ఫిర్యాదు ఉంది. ఇవాన్ పావ్‌లోవ్ గంట అసలు వాడలేదని కాదు. కానీ ఆయన ప్రయోగశాలలో సంగీతం నేర్చుకునేవారు తాళం కోసం పెట్టుకునే మెట్రోనోమ్, విద్యుత్ బజర్, దీపపు వెలుతురు, చర్మం మీద చిన్న స్పర్శ, ఇలాంటివి విరివిగా వాడారు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఈ పనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. కుక్క చెంపకు చిన్న శస్త్రచికిత్స చేసి, లాలాజలం బయట అమర్చిన గొట్టంలోకి చుక్కలుగా రాలేటట్టు చేసి, ఏ ఆహారానికి ఎంత ఊరుతుందో ఆయన లెక్క కడుతుండేవారు. ఆహారం నోట పడకముందే, తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే చుక్కలు రాలడం మొదలయ్యేసరికి లెక్క తప్పింది. మరొకరైతే ఆ చుక్కల్ని పొరపాటు కింద కొట్టివేసి ఉండేవారు. ఆయన మాత్రం తన మిగిలిన జీవితాన్ని ఆ పొరపాటుకే ఇచ్చారు.

ఇక్కడ మన తెలుగు మాట గురించి ఒక సంగతి చెప్పాలి. ఇలా ఒక సూచనకే పుట్టే ప్రతిస్పందనకు పావ్‌లోవ్ రష్యన్‌లో వాడిన మాటకు అర్థం 'షరతు మీద ఆధారపడినది' అని. అది ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు, తర్ఫీదు పొందినది, మలచబడినది అన్న అర్థం వచ్చేటట్టు కొంచెం పక్కకు జరిగింది. మన పరిభాష తయారుచేసినవారు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, 'నిబంధన' అన్న మాట పెట్టి పావ్‌లోవ్ అసలు ఉద్దేశానికే దగ్గరగా వచ్చారు. ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసుకునే నిబంధన ఎలాంటిదో ఇదీ అలాంటిదే: అడుగుల చప్పుడు వినబడితే తిండి వస్తుంది అన్న షరతు నిలబడినంత కాలం లాలాజలం ఊరుతుంది, షరతు చెడితే ఊరడం తగ్గుతుంది. కుక్కలో జరిగింది గుడ్డి అలవాటు కాదు, ఒక ఎదురుచూపు.

ఇది ఎదురుచూపే అని ఎలా చెప్పగలం? రెండు విషయాలు ఒకే సమయంలో జరిగినంత మాత్రాన జంట కుదరదు. 1968లో రాబర్ట్ రెస్కోర్లా ఎలుకలతో చేసిన ప్రయోగంలో, ఒక ధ్వని వినిపించినప్పుడు ఎంత తరచుగా విద్యుత్ షాక్ తగిలిందో, ధ్వని లేనప్పుడు కూడా అంతే తరచుగా తగిలితే, ఎలుకలు ఆ ధ్వనికి భయపడడం నేర్చుకోలేదు. ధ్వనీ షాకూ ఎన్నోసార్లు కలిసే వచ్చాయి, కానీ ధ్వని వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అదే దశకంలో లియాన్ కామిన్ మరొకటి చూపించారు: చప్పుడు తరవాత షాక్ వస్తుందని ముందే నేర్చుకున్న ఎలుకకు, ఆ చప్పుడుతో పాటు దీపం కూడా వెలిగించి షాక్ ఇస్తే, అది దీపాన్ని పెద్దగా పట్టించుకోదు. పాలవాడి సైకిల్ బెల్లు వినగానే గిన్నె పట్టుకుని బయటకు వచ్చే ఇల్లాలికి, ఆ తరవాత వినబడే గేటు కిర్రుతో పని లేదు కదా. తెలిసిన విషయాన్నే మళ్ళీ చెప్పే సూచన ఏమీ నేర్పదు. అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా వచ్చినప్పుడే నేర్చుకోవడం జరుగుతుందన్న ఈ ఆలోచనను 1972లో రెస్కోర్లా, వాగ్నర్ ఒక సమీకరణంగా రాశారు. తరవాత పాతికేళ్ళకు ఉల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనిస్తే, అవి అనుకోకుండా వచ్చిన పళ్ళరసానికి చలించాయి. రసం వస్తుందని దీపం ముందే చెప్పడం మొదలైతే, రసానికి బదులు దీపానికే చలించాయి. దీపం వెలిగీ రసం రాకపోతే, వచ్చే వేళకు ఒక్క క్షణం మూగబోయాయి.

మా ఊరి సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. మిర్చి యార్డు వైపు ఆటో తిరగగానే తుమ్ములు వస్తాయని, అది నిబంధనమే కదా మాస్టారూ అని ఒక విద్యార్థి అడిగాడు. కావచ్చు, కాకపోవచ్చు. ఆ రోడ్డు మీద గాలిలో నిజంగానే ఘాటు ఉంటుంది. యార్డుకు వేసవి సెలవులిచ్చి, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏవీ లేక గాలి తేటగా ఉన్న రోజున కూడా అదే మలుపు దగ్గర తుమ్ము వస్తే అప్పుడు నిబంధనం అందాం అన్నాను. ఇక అక్కడ పనిచేసే హమాలీలకు తుమ్ము రాకపోవడం వేరే సంగతి, అది ఘాటుకు అలవాటు పడడం. ఈ రెండింటినీ ఒక గాట కట్టేసి మాట్లాడడం మన వాళ్ళలో ఎక్కువ.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తాను. ఆ సంగతికి ఈ ఊరితో సంబంధం ఉంది.

1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్ నగరాన్ని వరద ముంచెత్తింది. పావ్‌లోవ్ కుక్కలున్న గదుల్లోకి నీళ్ళు చేరాయి. బోనుల్లో ఉన్న కుక్కలు పైకప్పు కింద మిగిలిన కాస్త జాగాలో ముక్కులు పైకెత్తి ఈదుతూ ఉండగా సిబ్బంది వెళ్ళారు. బోను తలుపు నీటి అడుగున ఉంది కాబట్టి, ప్రతి కుక్క తలనూ నీళ్ళలోకి ముంచి ఆ తలుపులోంచి బయటకు లాగవలసి వచ్చింది. కుక్కలు బతికాయి. కానీ కొన్నింటిలో, ఎంతో శ్రమపడి నేర్పిన నిబంధిత ప్రతిస్పందనలన్నీ మాయమయ్యాయి. వాటిని ఓపికగా మళ్ళీ నిలబెట్టాక, ఒక కుక్క ఉన్న ప్రయోగశాల గది తలుపు కింద నుంచి కాసిని నీళ్ళు పారించి చూశారు. ఆ సన్నటి ధార కనిపించగానే కుక్క బెదిరిపోయింది. తిరిగి తెచ్చుకున్నదంతా మళ్ళీ చెదిరింది.

నూరేళ్ళకు, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు వాగు ఈ నగరాన్ని ముంచింది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు, ఆ రోజుల గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. మీలోనే ఒక ఉపాధ్యాయురాలు నాకు చెప్పిన ఒక సంగతి మాత్రం, పేరు చెప్పకుండా, ఆమె అనుమతితో ఇక్కడ చెబుతాను. ఆమె తరగతిలో ఒక పాప ఉంది. వరదలో ఆ పాప పుస్తకాలు కింది అరలో ఉండి తడిసిపోయాయి. మళ్ళీ వానాకాలం వచ్చాక, బడిలో సైకిల్ షెడ్డు రేకు మీద చినుకుల చప్పుడు మొదలైతే చాలు, ఆ పాప పాఠం వింటూనే, తల తిప్పకుండానే, కాళ్ళ దగ్గరున్న సంచీని తీసి బల్ల మీద పెడుతుంది. చప్పుడు పెరిగితే అక్కడి నుంచి కిటికీ గూట్లోకి మారుస్తుంది. ఇంట్లో అయితే పుస్తకాలన్నీ అటక ఎక్కిస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే, సంచీ అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో తనకే తెలియనట్టు చూసిందట.

ఈ పాపకు మనం ఏం చెయ్యాలి అన్నది ఆ ఉపాధ్యాయురాలి ప్రశ్న. మామూలుగా పుస్తకాల్లో ఉండే జవాబు 'విలుప్తీకరణం'. అంటే చప్పుడు వినిపించి, దాని వెనక రావలసినది రాకుండా ఉంటే, ప్రతిస్పందన క్రమంగా తగ్గిపోతుంది. తగ్గే మాట నిజమే. అయితే పావ్‌లోవ్ స్వయంగా గమనించిన మరో విషయాన్ని మనం రెండు మార్కుల ప్రశ్నగా మార్చి దాని ప్రాణం తీసేశాం. ఆరిపోయిందనుకున్న ప్రతిస్పందన, మధ్యలో కొంత విరామం ఇస్తే, ఏ కొత్త శిక్షణా లేకుండానే తిరిగి వస్తుంది. పాఠ్యపుస్తకం దీన్ని 'అయత్నసిద్ధ స్వాస్థ్యం' అంటుంది, పలకడానికే సగం పీరియడ్ పడుతుంది. పాత నేర్పు చెరిగిపోయి ఉంటే ఇది జరగడానికి వీల్లేదు. మార్క్ బౌటన్ వంటివారు దశాబ్దాల పాటు చేసిన పని కూడా ఇదే చెబుతోంది: ఒక గదిలో ఆర్పిన భయం వేరే గదిలో మళ్ళీ లేస్తుంది. 'చప్పుడు అంటే ప్రమాదం' అన్న పాత పాఠం లోపల అలాగే ఉంటుంది. దాని పక్కన 'ఈ చోట, ఇప్పుడు మాత్రం ప్రమాదం లేదు' అన్న కొత్త పాఠం ఒకటి చేరుతుంది. కొత్త పాఠం చోటునూ కాలాన్నీ పట్టుకుని ఉంటుంది, పాతది ఎక్కడికైనా వస్తుంది. అందుకే బడిలో ధైర్యంగా ఉన్న పిల్ల ఇంట్లో, రాత్రిపూట, కరెంటు పోయినప్పుడు మళ్ళీ బెదిరితే, మనం చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరైందని అనుకోనక్కర్లేదు. కొత్త పాఠాన్ని ఆ చోట ఇంకా చెప్పలేదు, అంతే.

దీనికి తోడు తల్లిదండ్రులు ప్రేమతో చేసే ఒక పని ఉంది. మబ్బు పట్టిన రోజున పిల్లను బడికి పంపకుండా ఇంట్లో ఉంచుకుంటారు. ఆ క్షణాన పిల్లకు కలిగే ఊరట ఎంత హాయిగా ఉంటుందంటే, ఇంట్లో ఉండిపోవడమే ఒక అలవాటుగా గట్టిపడుతుంది; పైగా బయటికి వెళితే ఏమీ జరగదన్న సంగతి తెలుసుకునే అవకాశమే పిల్లకు రాదు. భయాన్ని తప్పించుకున్నకొద్దీ అది నిలవ ఉంటుంది. 1924లోనే, అంటే ఆ లెనిన్‌గ్రాడ్ వరద ఏడాదే, మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడికి, వాడు ఇష్టమైనది తింటున్న సమయంలో కుందేలును గది అవతలి మూల నుంచి రోజుకు కాస్త దగ్గరగా తెచ్చి, చివరకు వాడే దాన్ని నిమిరే దాకా తీసుకొచ్చారు. అంతకు నాలుగేళ్ళ ముందు వాట్సన్, రేనర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆల్బర్ట్ అని పేరు పెట్టిన పదకొండు నెలల బిడ్డ వెనక ఇనుప కడ్డీని సుత్తితో మోగించి తెల్ల ఎలుకంటే భయం నేర్పారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే బిడ్డను పంపేశారు. మన పరీక్షల్లో వాట్సన్‌కు పది మార్కుల ప్రశ్న వస్తుంది, జోన్స్ పేరు ఎక్కడా రాదు. నాకు ఇది ఎప్పుడూ మింగుడు పడలేదు.

కానీ బుడమేరు పాప విషయంలో ఒక మెలిక ఉంది. పీటర్‌కు కుందేలు వల్ల ప్రమాదం లేదు. ఈ పాపకు వాన వల్ల ప్రమాదం వచ్చింది, మళ్ళీ రావచ్చు కూడా. కాబట్టి భయాన్ని ఆర్పేయడం ఇక్కడ సరైన లక్ష్యం కాదు; కావలసింది విచక్షణ, ఏ వానకు సంచీ ఎత్తాలో, ఏ వానకు అక్కర్లేదో తెలియడం. ఆ రోజు ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళు ఈ పైన కురిసిన వాన వల్లనే రాలేదు, ఎగువన పడిన వానతో బుడమేరు పొంగి, గట్లకు గండ్లు పడి వచ్చాయి. అంటే చూడవలసిన సూచన సైకిల్ షెడ్డు రేకు కాదు, ఎగువన వెలగలేరు దగ్గర నీటి మట్టం. ఆ ఉపాధ్యాయురాలు చేసింది ఇదే. సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో బుడమేరు పటం గీయించి, వాన పడిన రోజున ఎగువ సంగతి ఏమిటో ఉదయాన్నే కనుక్కుని నల్లబల్ల మీద రాసే పని ఆ పాపకే అప్పగించారు. నేను ఏ పుస్తకంలోనూ చదవని చికిత్స ఇది. పని చేస్తుందా అని అడిగితే, సంచీ ఇంకా బల్ల మీదికి వస్తోందని, కిటికీ దాకా వెళ్ళడం మాత్రం తగ్గిందని చెప్పారు.

విచక్షణ గురించి ఒక హెచ్చరిక కూడా పావ్‌లోవ్ దగ్గరే ఉంది. ఆయన ప్రయోగశాలలో ఒక కుక్కకు వృత్తం కనిపిస్తే తిండి, అండాకారం కనిపిస్తే ఏమీ ఉండదు అని నేర్పారు. తరవాత అండాకారాన్ని కొంచెం కొంచెంగా గుండ్రంగా మారుస్తూ పోయారు. రెండు అక్షాల నిష్పత్తి 9కి 8 దగ్గరికి వచ్చేసరికి కుక్క తేడా కనిపెట్టలేక, అంతవరకూ సాధువుగా ఉన్నదల్లా అరవడం, పట్టీలు కొరకడం మొదలుపెట్టింది. తేలికైన తేడాలను కూడా మరిచిపోయింది. ఫోన్లలో గంటకొకసారి 'మళ్ళీ కట్ట తెగిందట' అన్న సందేశం వస్తూ ఉంటే పెద్దవాళ్ళకే నిజం ఏదో పుకారు ఏదో తేలదు. పిల్లలున్న ఇంట్లో ఆ సందేశాలను పైకి చదవకండి.

ఇంతవరకూ చెప్పింది సూచనల గురించి. ఇక ఫలితాల గురించి చెబుతాను.

థార్న్‌డైక్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1898లో పిల్లుల్ని పెట్టెలో పెట్టి, మీట నొక్కితే బయటపడేటట్టు ఏర్పాటు చేసి, సంతృప్తినిచ్చిన చర్య తిరిగి జరుగుతుందన్న ఫలిత నియమానికి దారి వేశారు. తరవాత స్కిన్నర్ అనే మరో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దాన్ని పట్టుకుని, ఏ ప్రవర్తన వెనక ఏ ఫలితం, ఎప్పుడెప్పుడు వస్తే ఆ ప్రవర్తన ఎంత బలపడుతుందో ఎలుకల మీద, పావురాల మీద కొలిచారు. దీన్నే మనం పునర్బలనం అంటున్నాం. మీకు ఇది తెలిసిన పాఠమే కాబట్టి వివరించను. ఒక్క తప్పు మాత్రం దిద్దుతాను, ఎందుకంటే వందల పత్రాల్లో ఎర్ర సిరాతో దిద్దీ నేను గెలవలేకపోయాను. రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష కాదు. శిక్ష ప్రవర్తనను తగ్గిస్తుంది. రుణాత్మక పునర్బలనం ప్రవర్తనను పెంచుతుంది, బాధ కలిగించేదాన్ని తొలగించడం ద్వారా. కారులో సీటు బెల్టు పెట్టుకునే దాకా టింగుటింగుమని మోగి, పెట్టుకోగానే ఆగిపోయే చప్పుడు అలాంటిది.

ఈ తేడా పరీక్షకు మాత్రమే పనికొచ్చేది కాదని నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా మనవడికి మూడున్నరేళ్ళు. ఫోను చూపిస్తే తప్ప ముద్ద దిగదు. నేనేమో మనోవిజ్ఞాన శాస్త్రం చెప్పినవాణ్ణి, అందుచేత ఇంట్లో ఒక నియమం పెట్టాను: భోజనం దగ్గర ఫోను లేదు. మొదటి రోజు వాడు గుక్క పట్టాడు. పప్పన్నం గిన్నె చేత్తో నెట్టేశాడు. నేను గోడ గడియారం చూస్తూ ఏడు నిమిషాలు నిలబడ్డాను. ఎదురు వాటావాళ్ళు కిటికీ తెరిచి చూశారు. నేను ఫోను ఇచ్చాను. ఏడుపు టక్కున ఆగింది. ఆ రాత్రి పడుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఆ గదిలో ఇద్దరు విద్యార్థులున్నారని. ఏడిస్తే ఫోను వస్తుందని వాడు నేర్చుకున్నాడు, అది ధనాత్మక పునర్బలనం. ఫోను ఇస్తే ఏడుపు ఆగుతుందని నేను నేర్చుకున్నాను, అది రుణాత్మకం. నా పాఠం వాడి పాఠం కంటే వేగంగా వంటబట్టింది. పైగా నేను ఇచ్చింది మొదటి నిమిషంలో కాదు, ఏడో నిమిషంలో. అంటే ఏడు నిమిషాలు ఏడవడం గిట్టుబాటయ్యే పని అని స్వయంగా నేనే వాడికి చెప్పాను.

ఇక్కడ స్కిన్నర్ జీవితంలోని ఒక శనివారం గుర్తుకు వస్తుంది. ఎలుకలకు పెట్టే గుళికల్ని ఆయన తన చేత్తోనే చేసుకునేవారు. ఒక శనివారం మధ్యాహ్నం లెక్క చూసుకుంటే, ఆ పూటంతా కూర్చుని చేస్తే తప్ప సోమవారం పొద్దుటికి గుళికలు అయిపోతాయని తేలింది. అందుకని ఎలుక మీట నొక్కిన ప్రతిసారీ గుళిక ఇవ్వడం మాని, నిమిషానికి ఒక్కసారే ఇచ్చేటట్టు అమర్చారు. ఎలుకలు మానలేదు. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం వచ్చిన ప్రవర్తన, ప్రతిసారీ ఫలితం వచ్చినదాని కంటే ఆలస్యంగా ఆరుతుందన్న సంగతి తరవాత పదే పదే రుజువైంది. ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన 1957లో ఈ పద్ధతులన్నింటినీ ఒక చోట చేర్చారు. వాటిలో చర నిష్పత్తి అన్నది, అంటే ఎన్నో నొక్కుకు గింజ పడుతుందో తెలియని పద్ధతి, ఊపిరి సలపనివ్వనిది. పేకాటకు కూర్చున్న మనిషి లేవలేకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే; 2020లో మన రాష్ట్రం నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీ కూడా దీని మీదే బతికింది. ఇంట్లో నలుగురు పెద్దలుండి, తాతయ్య పదోసారి, నానమ్మ మూడోసారి, నాన్న ఒక్కోసారి మొదటిసారే ఒప్పుకుంటూ ఉంటే, పిల్లవాడి ముందు మనం పెట్టింది కూడా అచ్చంగా ఆ పద్ధతే. ఆ ఇంట్లో పిల్లవాడు మొండివాడని పేరు పడుతుంది.

బహుమతి విషయంలో నేను చేసిన మరో పొరపాటు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా విద్యార్థులు బోధనాభ్యాసానికి వెళ్ళే ఒక బడిలో, గ్రంథాలయ పుస్తకం చదివి తెచ్చిన ప్రతి పిల్లవాడికీ ఒక పెన్సిలు ఇస్తామని ప్రకటించాను. రెండు వారాల్లో అరల్లో సన్నటి పుస్తకాలు ఖాళీ అయ్యాయి, లావు పుస్తకాలు కదలలేదు. ఒకడు బొమ్మల పంచాంగం లాంటిది తెచ్చి చదివేశానన్నాడు. నేను చదువుకు ఇచ్చాననుకున్నాను. పెన్సిలు మాత్రం పుస్తకం తిరిగి ఇవ్వడం మీద పడింది. ఎక్కడ పడిందో అదే పెరిగింది. పెన్సిళ్ళు అయిపోయాక, అంతకుముందు ఊరికే వచ్చి మూల కూర్చుని చదువుకునే ఇద్దరు ముగ్గురు కూడా రావడం మానేశారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రీస్కూలు పిల్లలతో చేసిన ప్రయోగంలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లలకు, బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చాక, వాళ్ళు ఆ తరవాత తీరిక వేళల్లో బొమ్మలు వేయడం బాగా తగ్గింది. చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. బహుమతులన్నీ చెడ్డవని దీని అర్థం కాదు, అసలు ఇష్టం లేని పనికి ఒక మెట్టు ఎక్కించడానికి అవి పనికొస్తాయి. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టడం దగ్గరే చిక్కు వస్తుంది.

ఈ ఊళ్ళో ఇంటర్ చదువుల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. వారం వారం పరీక్ష, ఆ మార్కుల్ని బట్టి సెక్షను మార్పు. గింజ పడే కాలవ్యవధి స్థిరంగా ఉంటే పావురం గింజ పడిన వెంటనే కాసేపు ఊరుకుని, మళ్ళీ వేళ దగ్గర పడేకొద్దీ వేగం పెంచుతుంది. హాస్టళ్ళలో సోమవారానికీ శనివారానికీ తేడా చూసినవారికి ఈ వక్రరేఖ పరిచయమే. పోలిక పూర్తిగా అతకదు, ఎందుకంటే పావురానికి క్యాలెండరు తెలియదు, పిల్లవాడికి తెలుసు. అయినా, వారం మధ్యలో అర్థం కాలేదని లేచి అడిగిన పిల్లవాడికి ఆ ఏర్పాటులో ఏ గింజా పడదు. అడగడం మెల్లగా ఆరిపోతుంది. శిక్ష గురించి ఒక్క మాట: 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్ని నిషేధించింది, మంచిదే, కానీ లెక్కల పీరియడ్‌తో వరసగా జతపడితే, బెత్తం లేకుండా వట్టి వెటకారం కూడా ఆ ఇనుప కడ్డీ పని చేస్తుంది.

ఇదంతా విన్నాక, ఏదైనా దేనితోనైనా జతకట్టవచ్చని అనిపించవచ్చు. వాట్సన్ కాలంలో దాదాపు అలాగే నమ్మారు. నాకు పదేళ్ళప్పుడు, నరసరావుపేట నుంచి గుంటూరు వచ్చే బస్సులో సపోటాలు తిని, దారిలో వాంతి చేసుకున్నాను. డీజిలు వాసన ఉంది, చిరిగిన సీటు ఉంది, పక్కన బుట్టలో కోడి ఉంది. బస్సులంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, కోడి కూరకు లోటు చేయను. సపోటా మాత్రం అరవై ఏళ్ళుగా ముట్టలేదు. పైగా తిన్న ఎంతోసేపటికి గానీ వాంతి కాలేదు, జరిగింది ఒక్కసారే. పావ్‌లోవ్ లెక్కల్లో ఇది ఇమడదు. 1966లో గార్సియా, కోయెల్లింగ్ దీన్ని విడమరిచారు: ఎలుకలకు తీపి రుచి ఉన్న నీళ్ళు ఇస్తూ, అవి తాగినప్పుడల్లా దీపమూ చప్పుడూ వచ్చేటట్టు చేశారు. తరవాత కడుపులో వికారం కలిగిన ఎలుకలు రుచిని మానేశాయి, దీపాన్నీ చప్పుడునూ పట్టించుకోలేదు. షాక్ తగిలిన ఎలుకలు దీపాన్నీ చప్పుడునూ చూసి జంకాయి, రుచిని వదలలేదు. కడుపు చెడితే తిన్నదాని మీద, ఒంటికి దెబ్బ తగిలితే చూసినదాని మీద, విన్నదాని మీద అనుమానపడేటట్టు ప్రాణులు ముందే సిద్ధమై పుడతాయి. 1978లో ఇలీన్ బెర్న్‌స్టీన్, క్యాన్సర్ మందులు ఎక్కించే ముందు పిల్లలకు ఒక కొత్త ఐస్‌క్రీమ్ పెడితే, ఆ వికారం మందు వల్లేనని తెలిసి కూడా పిల్లలు తరవాత ఆ ఐస్‌క్రీమ్‌ను వద్దన్నారని చూపించారు. ఇంట్లో అలాంటి చికిత్సలో ఉన్నవారుంటే, ఆ రోజున వారికి బాగా ఇష్టమైన వంటకం చేసి పెట్టాలని ప్రేమ కొద్దీ అనిపిస్తుంది. దాన్ని వేరే రోజుకు దాచండి.

మనవడి కథ మధ్యలో వదిలేశాను. ఆ ఏడు నిమిషాల తరవాత ఇంట్లో అందరం కూర్చుని, ఇస్తే మొదటి క్షణమే ఇద్దాం, లేదా అసలు ఇవ్వొద్దు అని తీర్మానించుకుని, ఇవ్వొద్దనే నిర్ణయించాం. ఏడుపు ఎంతసేపు సాగిందో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. మొదటి రాత్రి పద్నాలుగు నిమిషాలు. రెండో రాత్రి ఇరవై మూడు. పునర్బలనం ఆపిన కొత్తలో ప్రవర్తన తగ్గకపోగా పెరగడం మామూలే, రిమోట్ పనిచేయకపోతే మనమూ ముందు గట్టిగా నొక్కే చూస్తాం కదా. చాలా ఇళ్ళలో ఓడిపోయేది ఈ రెండో రాత్రే, మా కోడలు కూడా లేచి ఫోను దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. తరవాత పదహారు, ఆరు, ఎనిమిది, రెండు, ఏడో రోజున సున్నా. పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేయమని మాత్రం అడిగాడు, అది ఇచ్చాం.

ఆ వారాంతం వాణ్ణి తెనాలి పంపాం, వాళ్ళ అమ్మమ్మగారింటికి. నాలుగు రోజులుండి వచ్చాడు. వచ్చిన రాత్రి పదకొండు నిమిషాలు ఏడ్చాడు. ఇది పావ్‌లోవ్ చెప్పిన అయత్నసిద్ధ స్వాస్థ్యమా, లేక తెనాలిలో ఎవరైనా ఫోను చేతికిచ్చారా అన్నది తేల్చుకుందామని మా వియ్యపురాలు గారికి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ నవ్వి, భోంచేశారా అన్నయ్యగారూ అన్నారు. కాగితం మీద ఆ రోజు ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను. మర్నాడు మూడు నిమిషాలు.

ఇక మీరు అడగండి.